ఏడేళ్ళ పిల్లల పళ్ళు: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. బాబుకు ఏడున్నరేళ్ళు. కింద ముందుపళ్ళు రెండు, పాలపళ్ళు ఊడకుండానే వాటి వెనక రెండో వరుసలా వచ్చాయి. పైన కొత్తగా వచ్చిన రెండు పెద్ద పళ్ళ మధ్య సందు ఉంది. పుచ్చి చీము పట్టిందని కింద కుడివైపు చివరి పాలదవడ పన్నును రెండు నెలల కిందట తీసేశారు. ఒక డాక్టరు గారు పన్నెండేళ్ళు వచ్చాక క్లిప్పులు వేద్దామన్నారు, ఇంకొకరు ఇప్పుడే ఏదో ఒకటి మొదలుపెట్టాలన్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటలోనూ నిజం ఉండొచ్చు, ఎందుకంటే వాళ్ళు చెబుతున్నది వేర్వేరు పళ్ళ గురించి. మీరు బెంగపడుతున్న సందు, రెండో వరుస నిదానంగా చూసుకోవచ్చు. తొందరంతా మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ తీసేసిన దవడ పన్ను దగ్గరే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

కింది రెండో పాలదవడ పన్ను వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు. దాని కింద ఎముకలో పెరుగుతున్న చిన్న దవడ పన్ను సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటుంది, అది బయటికి వచ్చేది పదకొండు, పన్నెండేళ్ళకు. అంటే ఆ ఖాళీని ఇంకా నాలుగేళ్ళు కాపాడాలి. దాని వెనకే ఆరేళ్ళకు వచ్చిన పెద్ద దవడ పన్ను ఉంది. ఆ పన్నుకు ముందుకు జరిగే స్వభావం ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని ఆపింది ఈ పాలపన్నే. అడ్డు తీసేశాక అది ముందుకు ఒరుగుతుంది. పోయే చోటులో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే పోతుంది. ఆ తర్వాత రావలసిన చిన్న దవడ పన్ను ఎముకలోనే ఇరుక్కుపోవచ్చు, లేదా నాలుక వైపుకు తోసుకుని వస్తుంది. పన్నెండేళ్ళకు క్లిప్పులు వేద్దామని వెళ్ళినప్పుడు, చోటు లేదు కాబట్టి రెండో నాలుగో మంచి పళ్ళు తీయాలనే మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది.

ఈ చోటు ఎందుకంత విలువైనదో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. పాలకోరపన్ను, రెండు పాలదవడ పళ్ళు కలిపి ఎంత వెడల్పో, వాటి స్థానంలో వచ్చే మూడు శాశ్వతపు పళ్ళు కలిపి అంతకన్నా కాస్త తక్కువే ఉంటాయి. ఈ మిగులు కింద ఒక్కో వైపు సగటున 1.7 మిల్లీమీటర్లు, పైన 0.9. అంటే కింది వరుస మొత్తం మీద 3.4 మిల్లీమీటర్లు ప్రకృతి ఇచ్చిన నిల్వ. కింది ముందుపళ్ళు కొంచెం ఇరుకుగా ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ నిల్వను కాపాడుకుంటే అదే సరిపోతుంది. మీ బాబుకు ఆ నిల్వ ఒకవైపు కరిగిపోవడం మొదలై ఉంటుంది.

కాబట్టి ఈ వారంలోనే పిల్లల పళ్ళ డాక్టరు, అంటే పీడోడాంటిస్టు దగ్గరికి వెళ్ళి స్పేస్ మెయింటైనర్, అంటే ఊడిన పన్ను చోటును కాపాడే అమరిక గురించి అడగండి. మొదట ఆయన కుడివైపు ఖాళీని కొలిచి ఎడమవైపు ఉన్న పాలదవడ పన్ను వెడల్పుతో పోల్చాలి. రెండూ సమానంగా ఉంటే ఉన్న చోటును నిలబెడితే చాలు. కుడివైపు ఒకటి, రెండు మిల్లీమీటర్లు తగ్గి ఉంటే ముందు స్ప్రింగో స్క్రూనో ఉన్న ప్లేటుతో దవడ పన్నును వెనక్కి నెట్టి, ఆ తర్వాత నిలబెట్టాలి. సుమారు 3 మిల్లీమీటర్ల వరకు ఇలా తిరిగి తెచ్చుకోవచ్చు. అది దాటితే పని బాగా కష్టమవుతుంది.

ఒకవైపు ఒక్క పన్నే పోయినప్పుడు మామూలుగా పెట్టేది బ్యాండ్ అండ్ లూప్. ఆరేళ్ళ దవడ పన్నుకు స్టీలు పట్టీ తొడిగి, దాని నుంచి ఒక తీగ ఉచ్చు ముందున్న పన్నుకు ఆనేలా చేస్తారు. మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. ఒకసారి అచ్చు తీసుకుంటారు, ఇంకోసారి సిమెంటుతో అతికిస్తారు. పాడయ్యేది ఎక్కడంటే, పట్టీ కింద సిమెంటు కరిగిపోయి ఆ సందులో పిప్పి మొదలవుతుంది. పట్టీ వదులైనా ఊడిరాకపోతే ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే మూడు, నాలుగు నెలలకోసారి చూపించాలి. జీళ్ళు, చూయింగ్ గమ్, బంకలా సాగే చాక్లెట్లు మానాలి. తీగ చిగురులోకి దిగుతున్నట్టు ఉన్నా, పట్టీ వేలికి కదిలినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్ళండి. ఊడి చేతికొస్తే పారేయకండి. వంగకపోతే మళ్ళీ అదే అతికించవచ్చు. కానీ రెండు వారాలు డబ్బాలో పెట్టి మరిచిపోతే ఆ లోపల చోటు మారి అది పట్టదు.

మీ బాబు విషయంలో ఇంకో మెలిక ఉంది, ముందే అడిగి ఉంచండి. ఆ తీగ ఆనేది మొదటి పాలదవడ పన్నుకు. ఆ పన్ను పదేళ్ళ ప్రాంతంలో ఊడిపోతుంది, వెనక చిన్న దవడ పన్ను రావడానికి ఇంకా ఏడాది పైన పట్టొచ్చు. ఆ మధ్యకాలంలో తీగకు ఆనుడు ఉండదు. అప్పటికి కింది నాలుగు శాశ్వత ముందుపళ్ళూ వచ్చేసి ఉంటాయి కాబట్టి లింగ్వల్ ఆర్చ్‌కు మారడం మంచిది. అది రెండు వైపుల ఆరేళ్ళ దవడ పళ్ళకూ పట్టీలు వేసి, ముందుపళ్ళ వెనక నుంచి వెళ్ళే ఒకే తీగ. నాలుగూ రాకముందు మాత్రం దాన్ని వేయకూడదు. కింది శాశ్వత ముందుపళ్ళు నాలుక వైపు నుంచే మొలుస్తాయి, మీరు చూస్తున్న రెండో వరుస అదే, ఆ దారిలో తీగ అడ్డమవుతుంది.

పాలదవడ పన్ను పోయిన ప్రతి పిల్లకూ ఇది పెట్టాలని కాదు. ఎక్స్‌రేలో చిగురు కింద రాబోయే పన్ను వేరు మూడింట రెండు వంతులు తయారై, పైన ఎముక పొర లేకపోతే అది త్వరలోనే వస్తుంది. పైన ఎముక ఉంటే ఒక్కో మిల్లీమీటరుకు నాలుగైదు నెలలు పడుతుందని లెక్క. చీము వల్ల ఎముక కరిగిన చోట పన్ను అనుకున్నదానికన్నా ముందే రావచ్చు, కాబట్టి ఎక్స్‌రే చూడకుండా నిర్ణయించకూడదు. ఆ ఎక్స్‌రేలోనే కింద అసలు శాశ్వతపు పన్ను ఉందో లేదో కూడా తెలుస్తుంది. కింది రెండో చిన్న దవడ పన్ను పుట్టుకతోనే లేని పిల్లలు ఉంటారు, వాళ్ళకు ఆలోచనే వేరు. ఇక ఐదేళ్ళకే ఈ పన్ను పోయి, ఆరేళ్ళ దవడ పన్ను ఇంకా రాని పిల్లలకు చిగురు లోపలికి దిగే డిస్టల్ షూ అనే రకం ఉంది. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ ముప్పు ఉన్న గుండెజబ్బు పిల్లలకు దాన్ని పెట్టరు. అలాంటి జబ్బు ఏదైనా ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి.

మిగిలిన మూడు వైపుల పాలదవడ పళ్ళను ఇప్పుడే చూపించండి. ‘పాలపళ్ళేగా, ఎలాగూ ఊడేవేగా’ అనే మాట వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. ఈ పళ్ళు రెండు, రెండున్నరేళ్ళకు వచ్చి పదకొండేళ్ళ దాకా ఉండాలి. పిప్పి నరం దాకా వెళ్ళినా, వేర్లు బాగుంటే పాలపన్నుకూ రూట్ కెనాల్ చేసి పైన స్టీలు క్యాప్ వేస్తారు. ఆ పన్ను కన్నా మంచి స్పేస్ మెయింటైనర్ ఇంకేదీ లేదు. ఆరేళ్ళ దవడ పళ్ళు నాలుగూ ఏ పాలపన్నూ ఊడకుండా, అన్నిటికన్నా వెనక, చప్పుడు లేకుండా వస్తాయి. అవి కూడా పాలపళ్ళేనని చాలామంది అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి గాడులు లోతుగా ఉంటే వాటిని పూడ్చే సీలెంట్ పూత వేయించండి, పది నిమిషాల పని, నొప్పి ఉండదు.

ఇప్పుడు రెండో వరుస. శాశ్వతపు పన్ను వెనక వచ్చి, ముందున్న పాలపన్ను కదులుతూ ఉంటే ఒకటి, రెండు నెలలు ఆగవచ్చు. జామకాయ, చెరుకు ముక్క, మొక్కజొన్న పొత్తు ముందుపళ్ళతో కొరికించండి, శుభ్రమైన వేలితో వాణ్ణే కదిలించుకోమనండి. పాలపన్ను ఊడితే నాలుక తోపుతో వెనకది నెమ్మదిగా ముందుకు వస్తుంది, ఏ తీగా అక్కర్లేదు. పాలపన్ను రాయిలా గట్టిగా ఉంటే, లేదా ఎనిమిదేళ్ళు దగ్గర పడుతున్నా ఊడకపోతే, తీయించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏ పన్ను స్థానంలో కొత్తది వచ్చిందో ఆ పాలపన్నునే తీయాలి. కొత్త పళ్ళు పెద్దవిగా, ఇరుకుగా కనిపిస్తున్నాయని చోటు కోసం పక్క పాలపళ్ళు, ముఖ్యంగా పాలకోరపళ్ళు తీయించమంటే ఒప్పుకునే ముందు క్లిప్పుల డాక్టరును, అంటే ఆర్థోడాంటిస్టును అడగండి. ఒకవైపు పాలకోరపన్ను తీస్తే ముందుపళ్ళన్నీ ఆ వైపుకు జరిగి మధ్యగీత తప్పుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు కింది ముందుపళ్ళలో ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఇరుకు మామూలు విషయమే, చాలామందిలో దవడ వెడల్పు పెరిగి అదే సర్దుకుంటుంది. నిజంగా దవడకూ పళ్ళకూ తేడా చాలా ఎక్కువగా, సుమారు 10 మిల్లీమీటర్లు ఉన్న పిల్లలకు వరసగా పాలపళ్ళూ ఆ పైన మొదటి చిన్న దవడ పళ్ళూ తీసే పద్ధతి ఒకటి ఉంది. అది పూర్తి ఎక్స్‌రేలు, అచ్చులు చూసి, కొన్నేళ్ళ పాటు అదే డాక్టరు కనిపెట్టి ఉండి చేయాల్సిన పని. అందరికీ వర్తించేది కాదు.

పైపళ్ళ సందు గురించి ధైర్యంగా ఉండండి. ఏడు నుంచి పదకొండేళ్ళ మధ్య పైపళ్ళు విసనకర్రలా విచ్చుకుని కనిపించే దశ ఒకటి ఉంది. బ్రాడ్‌బెంట్ అనే అమెరికన్ ఆర్థోడాంటిస్టు 1937లో దానికి ‘అగ్లీ డక్లింగ్’ (అందం లేని బాతుపిల్ల) దశ అని పేరు పెట్టాడు. పైన ఎముకలో ఉన్న కోరపళ్ళు పక్కపళ్ళ వేర్లను నొక్కుతాయి, అందువల్ల పళ్ళ కొసలు బయటికి విచ్చుకుంటాయి. కోరపళ్ళు కిందికి దిగేకొద్దీ సందు మూసుకుంటుంది. 2 మిల్లీమీటర్ల లోపు సందుకు సాధారణంగా ఏమీ చేయక్కర్లేదు. అంతకన్నా ఎక్కువైతే ఎక్స్‌రే తీసి, మధ్యలో అదనపు పన్ను దాగి ఉందేమో, పక్కపన్ను పుట్టుకతో లేదేమో చూడాలి.

ఇప్పుడే క్లిప్పులు వేసి ఈ సందు మూస్తామంటే ఎందుకని అడగండి. పళ్ళను దగ్గరికి లాగినప్పుడు పక్కపళ్ళ వేర్లు కోరపన్ను తలకు తగిలి అరిగిపోయే ప్రమాదం ఉంది. పైపెదవి లోపలి నరం లాంటి మడత వల్లే సందు వచ్చిందని దాన్ని కత్తిరించడం కూడా కోరపళ్ళు రాకముందు వద్దు. ఒక పని మాత్రం పొరపాటున కూడా చేయకండి: సందు మూసుకుంటుందని రెండు ముందుపళ్ళ చుట్టూ రబ్బరు బ్యాండు వేయడం. పన్ను వేరు వైపుకు సన్నగా ఉంటుంది కాబట్టి రబ్బరు జారి చిగురు లోపలికి పోతుంది, కంటికి కనపడదు, లోపల ఎముకను తినేస్తుంది. బంగారం లాంటి రెండు పళ్ళు అలా ఊడిపోతాయి. ఇంటర్నెట్‌లో చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్ళున్నారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏడేళ్ళకల్లా ఒకసారి ఆర్థోడాంటిస్టుకు చూపించమని అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. అప్పటికి వెనక ఆరేళ్ళ దవడ పళ్ళూ, ముందు కొన్ని శాశ్వత పళ్ళూ వచ్చి ఉంటాయి కాబట్టి కాటు, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, ముందూ వెనకా ఎలా కూర్చుంటోందో తెలుస్తుంది. చూపించడం అంటే వైద్యం మొదలుపెట్టడం కాదు. ఎక్కువమంది పిల్లలకు వచ్చే సమాధానం ‘ఆరు నెలలకోసారి రండి’ అనే. కానీ పన్నెండేళ్ళ దాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు మీరు ఇంట్లోనే కనిపెట్టవచ్చు.

పళ్ళు కలిపి కొరికినప్పుడు పైపన్ను కిందిపన్ను వెనక్కి వెళుతోందా చూడండి. ఒక్క పన్ను ఇలా చిక్కుకున్నా, కింది పన్ను చిగురు దిగిపోతుంది, రెండు పళ్ళ ఎనామెల్ అరుగుతుంది. పన్ను ఇంకా సగమే మొలిచి, చోటు ఉంటే, డాక్టరు చూపించిన పద్ధతిలో ఐస్‌క్రీమ్ పుల్లను పైపన్ను వెనక పెట్టి కొరికించడం కొన్నిసార్లు సరిపోతుంది. రోజుకు కొన్ని విడతలు, ఒకటి, రెండు వారాలు. అంతలో కదలకపోతే ఆపేసి, స్ప్రింగు ఉన్న ప్లేటుకు వెళ్ళాలి. పైపళ్ళు నాలుగూ వెనకే ఉంటే, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా కింది దవడ ముందుకు ఉంటే, అది పన్ను సమస్య కాకుండా దవడ సమస్య కావచ్చు. పైదవడను ముందుకు లాగే ఫేస్‌మాస్క్ ఎనిమిది, తొమ్మిదేళ్ళ లోపు బాగా పనిచేస్తుంది, పదేళ్ళు దాటేకొద్దీ ఎముక కన్నా పళ్ళే ఎక్కువ కదులుతాయి. రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి, అంటే బడి నుంచి వచ్చాక తెల్లారే దాకా. ఇది చేసినా యవ్వనంలో కింది దవడ మళ్ళీ పెరిగిపోయే పిల్లలు కొందరుంటారని ముందే తెలుసుకుని దిగాలి.

బాబును అద్దం ముందు నిలబెట్టి నోరు పూర్తిగా తెరిపించి, నెమ్మదిగా మూయించండి. చివరి క్షణంలో గడ్డం ఒక పక్కకు జరిగితే, పైదవడ ఇరుకై వెనక పళ్ళు అడ్డంగా కూర్చుంటున్నాయని అనుమానించాలి. అలా ఒక పక్కకే నములుతూ పెరిగితే ముఖం ఎముక కూడా అటే పెరుగుతుంది. అంగిలి మధ్య అతుకు ఈ వయసులో ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పాండర్‌తో దవడను వెడల్పు చేయడం తేలిక. స్క్రూ ఉన్న రకమైతే ఇంట్లో మీరే తాళంచెవి లాంటి కమ్మీతో తిప్పాలి. ఒక పావు చుట్టుకు సుమారు 0.25 మిల్లీమీటరు. ఎన్నిసార్లు తిప్పారో క్యాలెండరు మీద గీత పెట్టండి, లేకపోతే అమ్మ ఒకసారి నాన్న ఒకసారి తిప్పేస్తారు. ఆ కమ్మీకి దారం కట్టి మణికట్టుకు చుట్టుకోండి, గొంతులోకి జారకుండా. వెడల్పు వచ్చాక కనీసం మూడు నెలలు దాన్ని అలాగే ఉంచకపోతే వెనక్కి పోతుంది.

వేలు చీకే అలవాటు మూడు, నాలుగేళ్ళ దాకా ఉన్నా పెద్దగా నష్టం లేదు. శాశ్వతపు ముందుపళ్ళు వచ్చే వేళకు మాత్రం ఆగాలి. వేలు రోజులో ఎంతసేపు నోట్లో ఉంటుందన్నదే పళ్ళను కదిలిస్తుంది, గట్టిగా చీకడం కన్నా గంటల తరబడి ఉంచుకోవడం ప్రమాదం. కొట్టడం, నలుగురిలో పరువు తీయడం పనిచేయవు, రాత్రిళ్ళు దుప్పటి కింద చీకుతారు. వేలు నోట్లో పెట్టని రోజులకు క్యాలెండరులో నక్షత్రం, వేలికి ప్లాస్టరు, నిద్రలో మోచేతికి వదులుగా ఎలాస్టిక్ పట్టీ, ఈ వరుసలో ప్రయత్నించండి. వేపనూనె రాయడం పిల్లవాడు తనే మానాలనుకున్నప్పుడు గుర్తు చేయడానికి పనికొస్తుంది, శిక్షగా రాస్తే కాదు. చివరి మార్గం అంగిలికి వేసే తీగ అడ్డు. అలవాటు పోయినట్టు కనిపించాక కూడా ఆరు నెలలు దాన్ని ఉంచాలి. నోటితో గాలి పీల్చడం, గురక పెట్టడం ఉంటే మాత్రం పళ్ళ కన్నా ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఎత్తుపళ్ళ విషయంలో నా అభిప్రాయం వేరు. తల్లిదండ్రులు అన్నిటికన్నా ముందు వచ్చేది వాటి కోసమే, కానీ ఎక్కువమంది పిల్లలు ఆగగలిగేదీ అక్కడే. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎనిమిది, తొమ్మిదేళ్ళకే ఒక విడత, మళ్ళీ పెద్దయ్యాక ఇంకో విడత వైద్యం చేశారు. రెండో గుంపుకు పెద్దయ్యాక ఒకే విడత చేశారు. చివర్లో కాటులో, ముఖంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందే చేసినవాళ్ళలో ముందుపళ్ళు విరగడం మాత్రం తగ్గింది. కాబట్టి పైపళ్ళు బాగా ముందుకు ఉండి, పెదవులు వాటి మీద మూసుకోక, పిల్లవాడు తరచూ పడుతుంటే, లేదా బడిలో ఏడిపిస్తున్నారని కుంగిపోతుంటే ముందే చేయడంలో అర్థం ఉంది. లేకపోతే కింది దవడ వేగంగా పెరిగే వయసు దాకా, అమ్మాయిలకు పది నుంచి పన్నెండు, అబ్బాయిలకు పన్నెండు నుంచి పద్నాలుగు ప్రాంతం దాకా ఆగి, కింది దవడను ముందుకు ఉంచే ట్విన్ బ్లాక్ లాంటి ప్లేట్లు వేస్తే సమయమూ డబ్బూ కలిసివస్తాయి.

పట్టీ పడ్డాక రాత్రి బ్రష్ మీరే చేయాలి, ఎనిమిదేళ్ళ దాకా పిల్లల చేతికి ఆ నేర్పు రాదు. 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, బఠాణీ గింజంత. మూడేళ్ళ లోపు చెల్లి, తమ్ముడు ఉంటే వాళ్ళకు బియ్యపు గింజంత. మీది నల్లగొండ వైపు గారపళ్ళు ఉన్న ఊరైతే పేస్టు మానేయడం పరిష్కారం కాదు. గార వచ్చేది ప్రధానంగా తాగే నీళ్ళ నుంచి, అదీ పళ్ళు ఎముకలో తయారయ్యే చిన్న వయసులో. ఆ పళ్ళకు క్లిప్పుల బ్రాకెట్లు సరిగా అతకవు, తరచూ ఊడతాయి, అందుకే మొదటి రోజే డాక్టరుకు చెప్పండి. ప్రైవేటులో ఖర్చు భారమనుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో పిల్లల పళ్ళకు, క్లిప్పులకు విడివిడిగా విభాగాలున్నాయి.

చివరగా, ఎవరూ గుర్తు చేయనిది పైకోరపళ్ళు. తొమ్మిది నిండిన దగ్గర్నుంచి ఆరు నెలలకోసారి పైపెదవి ఎత్తి, పాలకోరపన్ను పైన చిగురు మీద రెండు వైపులా వేలితో తడమండి. లోపల గుండ్రంగా ఉబ్బు తగలాలి. పదిన్నరేళ్ళ వేళకు ఒకవైపు తగిలి ఇంకోవైపు తగలకపోతే ఎక్స్‌రే తీయించండి, ఆ పన్ను అంగిలి వైపుకు దారి తప్పి ఉండొచ్చు. ఆ దశలో పాలకోరపన్ను తీసేస్తే చాలాసార్లు అది తనంతట తానే దారికొస్తుంది. 1988లో స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అనే పరిశోధకులు అలా చూసిన 46 పళ్ళలో 36 సరైన చోటికి వచ్చాయి. పద్నాలుగేళ్ళకు కనిపెడితే అదే పన్ను కోసం అంగిలి కోసి, గొలుసు కట్టి, ఏడాది పైగా లాగాలి.